తోడికోడలి కారులో చల్లగాలి

మా అత్త మోకాళ్ళు మగ్గం గుంటలో అరిగిపోయాయి. పెళ్ళయిన మరుసటి నెల నుంచి చిన్నకొడుకు ఉద్యోగంలో చేరేదాకా ఆమె బెంగళూరు పక్కనున్న ఆనేకల్‌లోని ఈ ఇంట్లోనే గుంటలో కాళ్ళు పెట్టుకుని పట్టుచీరలు నేసింది. నేను పెద్దకోడలిగా వచ్చేనాటికి మగ్గాలు అమ్మేశారు. గుంటలు పూడ్చి పైన నున్నటి బండలు పరిచారు. మోకాళ్ళ నొప్పి ఒక్కటి మిగిలింది. చలికాలం వచ్చిందంటే ఆమె తెల్లారేసరికి కాళ్ళు రెండూ పొయ్యి వైపు చాపుకుని కూర్చునేది.

ఇంటి పైభాగంలో మేము, కింద మరిది, తోడికోడలు. అత్త మెట్లు ఎక్కలేదు కాబట్టి కిందే ఉండేది. అది ఎవరూ కావాలని చేసిన ఏర్పాటు కాదు. అయినా నాకు మొదటి నుంచీ అదొక ముల్లు.

తోడికోడలు గుంటూరు వైపు పిల్ల. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంట్లోంచే పని. మాది బెంగళూరులో మూడు తరాలుగా స్థిరపడిన కుటుంబం. అత్త మాట్లాడే తెలుగూ నేను మాట్లాడే తెలుగూ ఒకటే. అత్త "ఉండాది" అంటే నేనూ "ఉండాది" అంటాను. కొత్తలో ఆ పిల్ల మాట తీరు చూసి మేమిద్దరం వంటింట్లో నవ్వుకున్నాం కూడా. అలాంటిది, ఆ పిల్ల "అత్తయ్యగారూ" అని పిలవడం మొదలుపెట్టాక అత్త మొహంలో ఒక వెలుగు వచ్చేది. జన్మలో ఆమెను ఎవరూ "గారు" అని పిలిచి ఎరగరు. నేను పదకొండేళ్ళుగా "అత్తా" అనే పిలుస్తున్నాను. ఇప్పుడు మార్చుకుంటే ఎలా ఉంటుంది?

కిందటేడు చలికాలంలో డాక్టరు అత్తకు ఫిజియోథెరపీ రాశాడు. వారానికి మూడు రోజులు, పొద్దున ఏడు గంటలకు, బొమ్మసంద్రలో ఒక ఆస్పత్రిలో. నేను పనిచేసే అట్టపెట్టెల ఫ్యాక్టరీ కూడా బొమ్మసంద్రలోనే. అట్ట మందం, అంటు బిగువు చూసి పంపడం నా పని. ఆ ఆస్పత్రి గేటు ముందు నుంచే రోజూ వెళ్తాను. నా దగ్గర కారు ఉంది. పాతదే, రెండు చేతులు మారి వచ్చినదే, కానీ బాగా నడుస్తుంది. ఇంక వేరే మాట ఏముంది అనుకున్నాను.

మొదటి రోజు అత్త నా కారే ఎక్కింది. దారిలో చందాపుర దాటేసరికి శాలువా మోకాళ్ళ కిందికంటా లాక్కుంది. డ్యాష్‌బోర్డు మీద ఎర్రగీత ఉన్న వైపుకు మీట తిప్పాను. చల్లగాలే వచ్చింది. ఇంకా తిప్పాను. ఇంకా చల్లగా వచ్చింది.

"ఆపప్పా, వేడి గాలేమీ రాలేదు," అంది అత్త. "నీ బండి బండి కాదే, ఐసు డబ్బా."

నవ్వుతూనే అంది. రెండో రోజు పొద్దున నేను చీర సర్దుకుంటూ కిటికీలోంచి చూసేసరికి ఆమె తోడికోడలి కారులో ముందు సీట్లో కూర్చుని ఉంది. ఆ పిల్ల వంగి, గాలి వచ్చే రెక్కల్ని అత్త పాదాల వైపు సర్దుతోంది. అది మూడేళ్ళ బండి. వారంటీ దాటిందే గానీ అద్దంలా ఉంచుకునేది. వేడి ఎంత కావాలో తెర మీద అంకె నొక్కితే చాలు. కారు తలుపు మూసిన చప్పుడు పైదాకా వినిపించింది.

"వెచ్చగా ఉండాదమ్మే ఆ పిల్ల బండిలో. కంబళిలో దూరినట్ల ఉండాది," అని సాయంత్రం అత్త నాతోనే చెప్పింది. ఆ మాట అన్నం తింటున్నంతసేపూ చెవిలోనే ఉంది.

ఆ వారమే కారును జిగణి దారిలోని ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. అరవై దాటినవాడు, హిందూపురం వైపు మనిషి. హీటర్ బాగుచేయాలి అంటే నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఏసీ పోయిందని వస్తారమ్మా నా కాడికి. బెంగళూరులో హీటర్ పోయిందని వచ్చినది నువ్వే."

"మా అత్తకు మోకాళ్ళ నొప్పులు," అన్నాను. అబద్ధం కాదు. నిజమంతా కూడా కాదు.

బానెట్ ఎత్తి లోపలికి చూసి నాలుక చప్పరించాడు. ఇంజను నుంచి రెండు రబ్బరు గొట్టాలు కారు లోపలికి పోవాలట. నా కారులో ఆ రెండిటినీ లోపలికి పోనివ్వకుండా బయటే ఒకదానికొకటి కలిపి బిగించేశారు. లోపలున్న హీటర్ కారుతుంటే, బాగుచేసే ఓపిక లేక పాత ఓనరు చేయించిన పని అది.

"వేడి కొత్తగా పుట్టించేది ఏమీ లేదమ్మా," అని చెప్పాడు. "ఇంజను ఊరికే పారేసే వేడి అది. అన్నం దించినాక అదే నిప్పు మీద నీళ్ళు పెట్టుకుంటాం చూడు, అట్ల. ఇంజను చుట్టూ నీళ్ళు తిరుగుతాయి, వేడెక్కుతాయి. ఆ నీళ్ళు రేడియేటర్‌కు పోయి చల్లారతాయి. దాంట్లో కొంచెం ఈ గొట్టాల్లో లోపలికొచ్చి, డ్యాష్‌బోర్డు వెనక చిన్న రేడియేటర్ ఇంకొకటి ఉండాది, దాంట్లో తిరుగుతాయి. ఫ్యాను దాని మీదికి గాలి కొడతాది. ఆ గాలే నీ కాళ్ళకు వచ్చేది."

"మరి మీట తిప్పితే?"

"లోపల ఒక రెక్క తిరుగుతాది. గాలిని ఆ చిన్న రేడియేటర్ మీదుగా పంపల్లనా, పక్కనుంచి పంపల్లనా అని. అంతే."

రెండు రోజుల పని అన్నాడు. నేను రెండు రోజులూ సెలవు పెట్టాను. షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చున్నాను. డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీసి బయట పెడితే నా కారు పళ్ళు రాలిన మొహంలా కనిపించింది. గ్లవ్ బాక్స్ వెనకనుంచి ఫిల్టర్ లాగాడు. దాన్నిండా ఎండిన నేరేడాకులు, దుమ్ము, ఎలుక కొరికిన దూది. "ఇది అడ్డం ఉంటే ఎంత వేడి పుట్టినా గాలి రాదు. ఏడాదికొకసారి మార్చల్ల," అన్నాడు. ఇంజనులోని నీళ్ళు దించితే కాఫీ డికాక్షన్ రంగులో వచ్చాయి. ఇన్నేళ్ళూ ఇంజనుకు పోసే కూలెంట్ అనే పచ్చరంగు ద్రవం బదులు కొళాయి నీళ్ళు పోస్తే లోపల తుప్పు పట్టిందట. తేట నీళ్ళు వచ్చేదాకా కడిగాడు. పాత హీటర్ తీసి నా చేతిలో పెట్టాడు. చిన్న పలకంత ఉంది. ఒక మూల పచ్చగా చిలుము.

కొత్తది బిగించి, కూలెంట్ పోసి, మూత తెరిచే ఉంచి ఇంజను స్టార్ట్ చేశాడు. లోపల ఇరుక్కున్న గాలి బుడబుడమని బుడగలుగా బయటికొచ్చింది. బుడగలు ఆగేదాకా కాసుకోవాలన్నాడు. తర్వాత నన్ను పిలిచి ఆ రెండు గొట్టాలూ పట్టుకుని చూడమన్నాడు.

"రెండూ ఒకే తీరుగా కాలుతాంటే నీళ్ళు తిరుగుతాన్నట్టు. ఒకటి వేడి, ఒకటి చల్లగా ఉంటే లోపల అడ్డం పడినట్టు. ఇంకొకటి గుర్తు పెట్టుకో. ఇంజను కాగినాక కూడా హీటర్‌లో చల్లగాలి వస్తే, ముఖ్యంగా బండి నిలబడినప్పుడు చల్లగా, పరిగెత్తినప్పుడు కొంచెం వెచ్చగా వస్తే, నీళ్ళు తగ్గిపోయినాయని. యాడో కారుతాంది. ఆ బండిని తోలకూడదు. వేడి మీద మూత మాత్రం ముట్టుకోవద్దు, మొహం కాలిపోతాది."

నేను అట్టపెట్టెల్లో లోపాలు వెతికి బతికేదాన్ని. ఇలాంటి గుర్తులు నాకు ఒక్కసారి చెబితే చాలు.

మరుసటి సోమవారం అత్తను బతిమాలి నా కారు ఎక్కించుకున్నాను. పది నిమిషాల్లో వెచ్చటి గాలి ఆమె పాదాల మీదికి వచ్చింది. "ఆ, బాగుండాది," అంది. నేను ఆమెను ఆస్పత్రి గేటు దగ్గర దించి ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాను. ఇంటికి ఆమె ఆటోలో వచ్చింది.

బుధవారం మళ్ళీ తోడికోడలి కారే ఎక్కింది.

సాయంత్రం అడిగేశాను. "నా బండిలోనూ ఇప్పుడు వెచ్చగానే ఉండాది కదత్తా?"

"ఉండాదిలే. నువ్వు డ్యూటీకి పోవల్ల. ఆ పిల్ల నేను బయటికొచ్చేదాకా ఆడనే కుర్చీలో కూర్చోనుంటాది. కంప్యూటర్ ఒళ్ళో పెట్టుకుని."

అంత సూటి మాట. అందులో నన్ను తప్పుపట్టడం కూడా లేదు. కానీ అసూయ పట్టిన మనిషికి సూటి మాట ఎక్కదు. ఇంత చేసినా చాలలేదా అనే వినపడింది నాకు. ఆ రోజు నుంచి కిటికీ దగ్గర నిలబడడం అలవాటైంది. ఆ పిల్ల అత్త చేతికర్రను వెనక సీట్లో పెట్టడం, సీటు బెల్టు తనే పెట్టడం, ఇద్దరూ దేనికో నవ్వుకోవడం అన్నీ చూసేదాన్ని. మా ఆయన ఒకసారి "ఏం చూస్తాండావు?" అంటే "మంచు," అన్నాను.

జనవరిలో ఒక పొద్దున గేటు దగ్గర తోడికోడలు నన్ను ఆపింది.

"అక్కా, నీ హీటర్ రిపేర్ చేయించావు కదా. నా దాంట్లో రెండు రోజుల నుంచి ఏదో తేడాగా ఉంది. సిగ్నల్‌లో ఆగితే చల్లగాలి వస్తోంది. మళ్ళీ మూవ్ అయితే కొంచెం వెచ్చగా వస్తోంది. ఇరవై ఎనిమిది పెట్టినా అంతే. సెట్టింగ్ ఏమన్నా మారిందంటావా?"

ఆ మాట పూర్తి కాకముందే నాకు జవాబు తెలుసు. మెకానిక్ గొంతుతో సహా గుర్తొచ్చింది. నోరు తెరిస్తే ఒక్క వాక్యం. బానెట్ ఎత్తి డబ్బాలో కూలెంట్ ఉందో లేదో చూడు అంటే అయిపోయేది.

"కొత్త బండ్లలో అంతా సాఫ్ట్‌వేర్ కదా," అన్నాను. "నీకే తెలియల్ల. ఈసారి సర్వీసుకు ఇచ్చినప్పుడు చూపించు."

"అంతేనంటావా? సరే అక్కా," అని నవ్వి వెళ్ళిపోయింది.

ఫ్యాక్టరీ దాకా నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. మరీ వేడెక్కితే ఎర్రదీపం వెలుగుతుంది కదా. తనే చూసుకుంటుంది. ఒకటి రెండు రోజులు అత్త కాళ్ళకు చలి తగిలితే నా బండి గుర్తొస్తుంది. అంతకుమించి నేనేం చేశాను? ఆ రోజు పనిలో రెండు లోడ్ల అట్టలు లోపాలు చూడకుండానే పంపేశాను.

శుక్రవారం నేను ఇంట్లోంచి బయల్దేరేసరికి వాళ్ళింకా కదల్లేదు. ఏడుంపావుకు ఫ్యాక్టరీలో ఉండగా ఫోన్ మోగింది. నేను అప్పుడే యూనిఫాం కోటు వేసుకుంటున్నాను.

"అక్కా! బానెట్‌లోంచి పొగ వస్తోంది! మంటలేమో అని భయమేసి అత్తయ్యగారిని దించేశాను. ఫ్లైఓవర్ కింద ఉన్నాం. ఇక్కడొకాయన నీళ్ళ బాటిల్ తెచ్చాడు, మూత తీసి పోస్తానంటున్నారు..."

"మూత ముట్టుకోవద్దు!" అని అరిచాను. పక్కనున్న ఆడవాళ్ళు ఉలిక్కిపడ్డారు. "ఆయన్ని దూరంగా పొమ్మను. నువ్వూ దూరం జరుగు. ఇంజను ఆపేసినావా? ఎవరూ ముట్టుకోవద్దు. వస్తాండా."

కోటుతోనే పరిగెత్తాను. పది నిమిషాల దారి.

అత్త రోడ్డు పక్కన ఎళనీరు, అదే కొబ్బరిబోండాల బండివాడిచ్చిన స్టూలు మీద కూర్చుని ఉంది. లారీల దుమ్ము ఆమె శాలువా మీద పడుతోంది. తోడికోడలు ఆమె చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. నీళ్ళ బాటిల్ ఆయన నా మీద కోపంగా, "ఏనమ్మా, సహాయ మాడోదూ తప్పా?" అని, సాయం చేయడమే తప్పైనట్టు గొణుగుతూ బాటిల్ మూత బిగించుకుని వెళ్ళిపోయాడు. కారు కింద పచ్చటి నీళ్ళు మడుగు కట్టాయి.

"తెర మీద ఎర్రగా ఏదో గుర్తు వచ్చింది," అంది ఆ పిల్ల. "హాస్పిటల్ దగ్గరే కదా, వెళ్ళాక చూద్దాం అనుకున్నా."

అత్తను లేపి నా కారు దగ్గరికి నడిపించాను. తలుపు తీసి, "కూర్చో అత్తా, లోపల వెచ్చగా ఉండాది," అన్నాను.

ఆమె ఎక్కలేదు. "ఆ పిల్లను ఒక్కదాన్నే ఈ రోడ్డు మీద విడిచిపెట్టి నేనెట్ల వస్తానమ్మే?"

ముగ్గురం టోయింగ్ బండి వచ్చేదాకా కాసుకున్నాం. గంటకు పైనే పట్టింది. తర్వాత అత్తను ఇంట్లో దించి, తోడికోడలిని ఎక్కించుకుని మెకానిక్ షెడ్డుకు వెళ్ళాను. "నీ మెకానిక్ దగ్గరికే పంపిద్దాం అక్కా, నాకెవరూ తెలీదు," అని ఆ పిల్లే అంది.

మెకానిక్ టార్చి వేసి చూసి, ఒక గొట్టం క్లిప్పు వదులైందని, చుక్కచుక్కగా కారి డబ్బా ఖాళీ అయిందని చెప్పాడు. ఇంజను పైభాగం విప్పాలట. నెల పట్టవచ్చు.

"ముందుగా గుర్తేమీ రాలేదా? హీటర్ చల్లగా ఊదలేదా?"

"ఊదిందండీ. నాలుగైదు రోజుల నుంచి. అక్కతో కూడా చెప్పాను."

ఆయన నా వైపు తిరిగాడు. "నీకు చెప్పినా కదమ్మా ఈ సంగతి? ఈ స్టూలు మీదనే కూర్చోనుంటివి."

ఆ పిల్లే అందుకుంది. "అక్క మర్చిపోయి ఉంటుందిలెండి. ఎప్పుడో చెప్పిన మాట కదా."

తలుపు తెరిచి పట్టుకున్నట్టుగా ఉంది ఆ మాట. ఊ అంటే చాలు. ఆ పిల్ల మొహంలో నామీద అనుమానం పిసరంత లేదు. బహుశా అందుకే అనలేకపోయాను.

"మరిచిపోలేదు," అన్నాను. "నువ్వు చెప్తాంటేనే తెలిసింది నాకు. నీళ్ళు తగ్గినాయని."

మెకానిక్ స్పానర్ తీసుకుని అవతలికి వెళ్ళిపోయాడు.

"మరి సాఫ్ట్‌వేర్ అన్నావు?"

"అన్నాను."

"ఎందుకక్కా?"

ఇంత వయసు వచ్చాక ఆ మాట బయటికి చెప్పడం ఎంత చిన్నతనంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. "అత్త నీ బండే ఎక్కుతాందని," అన్నాను.

ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, గొంతు మాత్రం గట్టిగా వచ్చింది. "నన్ను అడిగితే నేనే చెప్పేదాన్ని కదా, అక్క కారులో వెళ్ళండి అత్తయ్యగారూ అని. దానికి ఇదా?" ఫోన్ తీసి క్యాబ్ పిలుచుకుంది. నా కారు ఎక్కలేదు.

ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అది నాకు ఇంకా బరువైంది. ఆమె బండి షెడ్డులో ఉండగా మొదటి రెండు వారాలూ అత్తను నేనే తీసుకెళ్ళాను. సూపర్‌వైజర్‌ను బతిమాలి వారంలో ఆ మూడు రోజులూ ఆలస్యంగా వచ్చేలా అనుమతి తీసుకున్నాను. అత్త బయటికొచ్చేదాకా కుర్చీలో కాసుకున్నాను. కోరుకున్నదంతా దొరికింది. అత్త నా పక్క సీట్లో, వెచ్చటి గాలి ఆమె పాదాల మీద. నాకు మాత్రం చందాపుర ఎప్పుడు వస్తుందా, ఇల్లు ఎప్పుడు వస్తుందా అని ఉండేది.

"మీ ఇద్దరికీ ఏమైందప్పా? మాట్లాడుకునేది లేదు, ఏమీ లేదు," అని రెండో వారంలో అడిగింది అత్త. "నాకు బేజారైతాంది."

బండి పక్కకు ఆపి చెప్పేశాను. మొదటి నుంచి, కిటికీ దగ్గర నిలబడ్డం కూడా.

అత్త తిడుతుందనుకున్నాను. లేదా నవ్వి తోసేస్తుందనుకున్నాను. ఆమె శాలువా అంచు వేళ్ళతో నలుపుతూ కూర్చుంది. చివరికి, "ఆ బండిలో నేను గూడా ఉంటిని కదమ్మే," అంది.

అంతే. నిజానికి ఆ మాట నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆమెను గెలుచుకోవాలనుకున్నాను గానీ, ఆ సీట్లో కూర్చునేది ఆమేనని లెక్కే లేదు నాకు. క్షమించమని అడిగాను. "బండి పోనీ, ఆలస్యమైతాంది," అంది. మరుసటి సోమవారం నేను కిందికి దిగేసరికే ఆమె ఆటో పిలిపించుకుని వెళ్ళిపోయింది. ఆ నెలంతా ఆటోలోనే వెళ్ళింది. తోడికోడలి బండి బాగై వచ్చాక మళ్ళీ అందులో వెళ్ళసాగింది.

ఉగాదికి తోడికోడలు బొబ్బట్లు పైకి పంపింది, మరిది చేత. నేను చిత్రాన్నం కిందికి పంపాను, మా ఆయన చేత. ఎదురుపడితే అవసరమైన మాటలు రెండు. అలాగే వానలు వచ్చేశాయి.

జూన్‌లో ఒక పొద్దున జోరువానలో నా ఫోన్ మోగింది. ఆ పిల్ల పేరు చూసి గబుక్కున ఎత్తాను.

"అక్కా, అద్దం మీద ఏమీ కనపడట్లేదు. లోపల అంతా ఆవిరి పట్టేసింది. తుడిస్తే మళ్ళీ వచ్చేస్తోంది. అత్తయ్యగారు పక్కనే ఉన్నారు."

"పక్కకు ఆపినావా?"

"ఆపాను. బ్లింకర్లు వేశాను."

"గాలి ముందరి అద్దానికి కొట్టే బొత్తాం నొక్కు. ఏసీ వెయ్యి. చలి అని భయపడొద్దు, వేడి కూడా పెంచు, రెండూ కలిసి ఉండల్ల. ఏసీ తేమ తీసేస్తాది, వేడి అద్దాన్ని ఆరబెడతాది. లోపలి గాలే తిరిగే బొత్తాం వేసుంటే తీసెయ్యి, బయటి గాలి రానీ. ఫ్యాను ఫుల్లు పెట్టు."

వెనకనుంచి అత్త గొంతు వినిపించింది. "స్వల్ప తాళమను ఆమెను, నిదానంగా ఒక్కొక్కటే చెప్పమను."

మళ్ళీ ఒక్కొక్కటే చెప్పాను. ఫోన్‌లో గాలి హోరు వినిపించింది. అర నిమిషం.

"పోతోంది అక్కా. కింద నుంచి క్లియర్ అవుతోంది." ఫోన్ పెట్టెయ్యకుండా, "ఇంకేమన్నా చూడాలా?" అంది.

అడగనివి కూడా చెప్పాను. ఫిల్టర్ ఎప్పుడు మార్చాలో, కారులో తీపి వాసన వస్తే లోపలి హీటర్ కారుతున్నట్టని, కాళ్ళ కింద పట్టా తడిగా ఉందేమో చూసుకోమని, ఆదివారం ఆదివారం ఇంజను చల్లగా ఉన్నప్పుడు డబ్బాలో గీత దాకా కూలెంట్ ఉందో లేదో చూడమని. ఆ పిల్ల ఊకొడుతూ విన్నది.

ఆ ఆదివారం ఆమె బానెట్ ఎత్తి నిలబడి, పైకి చూసి, "అక్కా, ఏ డబ్బా అది?" అని పిలిచింది. దిగి వెళ్ళి చూపించాను.

ఇప్పుడు సోమవారం అత్త నాతో వస్తుంది, మిగతా రెండు రోజులూ ఆ పిల్లతో వెళ్తుంది. ఆ పద్ధతి అత్తే పెట్టింది. అసూయ పోయిందా అంటే పోలేదు. బుధవారం పొద్దున కింద కారు తలుపు మూసిన చప్పుడు వస్తే ఇప్పటికీ చెవి అటే పోతుంది. కిటికీ దగ్గరికి మాత్రం పోను. ఆ సమయానికి టిఫిన్ డబ్బా కట్టుకుంటాను.